కోతులొచ్చినయ్!

చెప్పులు వేసుకుని రండి. నిన్న సాయంత్రం పగిలిన పూలకుండీ పెంకులు ఈ గచ్చు మీద ఇంకా పూర్తిగా ఏరలేదు. టైము ఐదూ ముప్పావు. ఏప్రిల్ నెలాఖరు కాబట్టి అప్పుడే వెలుతురు వచ్చేసింది. గాలిలో కాస్త చల్లదనం ఉంది, ఇంకో గంటకు అదీ ఉండదు. మీరు నిలబడ్డది కరీంనగర్ శివారులో, జగిత్యాల రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక కాలనీలో, మా పెరట్లో. ఎడమచేతి వైపు మామిడి, దాని పక్కన జామ, మూలన బొప్పాయి. గోడ మీదికి ఎక్కించిన బీరపాదు. బోరు పక్కన కరివేపాకు. కరివేపాకు సంగతి వదిలేయండి, దాని జోలికి ఎవరూ రారు.

తలెత్తి చూడండి. డాబా మీద నీళ్ళ ట్యాంకు మూతకు ఇనుప తీగ చుట్టి, పైన బండరాయి ఎత్తాం. ఆ మూత ఊడబీకి, అవి లోపల ఈతలు కొట్టిపోయిన నీళ్ళతో పళ్ళు తోముకోని ఇల్లు ఈ కాలనీలో లేదు. ఏసీ పైపు చుట్టూ నల్లటి తొడుగు ఉండాలి, పీకి పారేశాయి. స్తంభం నుంచి మా పిట్టగోడకు వచ్చే ఇంటర్నెట్ తీగ మధ్యలో కిందికి జారి వేలాడుతోంది చూశారా? పిల్లకోతులు దాని మీద ఊగుతాయి. నెట్ పోయిందని ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు ఏమైందని అడగడు, ‘మళ్ళీ కోతులా అన్నా?’ అంటాడు.

గోడ అవతల ఖాళీ ప్లాట్లు, సర్కారు తుమ్మ. వాటి వెనక కనిపిస్తున్నది గుట్ట, అంటే గుట్టలో మిగిలిన భాగం. మిగతా సగాన్ని రాయిగా కోసుకుపోయారు. టాన్ బ్రౌన్ అని పేరు విన్నారు కదా, ఈ జిల్లా గ్రానైట్. ఇక్కడి గుట్టల్లోంచి దిమ్మలుగా కదిలి, కాకినాడ రేవు దాటి, ఎక్కువగా చైనాకు వెళ్ళింది. గుట్టతో పాటు గుట్ట మీది రావులు, మేడిచెట్లు, తునికిచెట్లు, సీతాఫలం పొదలు పోయాయి, బండల మధ్య వానాకాలం నిలిచే నీళ్ళ మడుగులూ పోయాయి. కిందనున్న చెలకలు ప్లాట్లయ్యాయి. ప్లాట్లలో మేం ఇళ్ళు కట్టుకున్నాం, ఇళ్ళలో మామిడి, జామ, బొప్పాయి పెట్టుకున్నాం, డాబా మీద మూత ఉన్న నీళ్ళు పెట్టుకున్నాం. కోతి లెక్కలో చూస్తే గుట్ట ఎక్కడికీ పోలేదు. వంద గజాలు ముందుకు జరిగింది, అంతే.

ఉండండి. విన్నారా?

ముందు గోరింకలు. రెండు మూడు ఒకేసారి గొంతు చించుకుంటాయి. తర్వాత వీధి కుక్క, కానీ అది గేటు దాకా వచ్చి ఆగిపోతుంది. ఈ కాలనీ కుక్కలన్నీ చెంపదెబ్బలు తిన్నవే. ఆ తర్వాత పక్క సందులో రేకుల షెడ్డు మీద దబదబమని చప్పుడు. ఇక ఆలస్యం లేదు. ఎదురింటి వదిన గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తుంది.

‘ఓ అక్కా! కోతులొచ్చినయ్! తలుపులు బెట్టుకోండ్రి!’

తలుపులు పడుతున్న చప్పుడు వరసగా వినిపిస్తుంది. గడియలు, జాలీ తలుపులు, కిటికీ రెక్కలు. ఆరేసిన బట్టలు లాగేసుకునే చేతులు. ఎవరింట్లోనో పసిపిల్లను ఎత్తుకుని లోపలికి పరుగెత్తే కాళ్ళు. మీరు కదలకండి. ఆ కట్టె చేతిలోకి తీసుకోండి. ఎత్తకండి, ఊరికే పట్టుకోండి చాలు.

మొదటిది పిట్టగోడ మీద కూర్చుంది. పెద్ద గండుకోతి. మూతి ఎర్రన, పిరుదులూ ఎర్రన, తోక పొట్టి. ఆ పొట్టి తోకను బాగా చూడండి, అందులో ఒక కథ ఉంది. మన దక్కనులో పాతకాపు కోతి వేరు. దాని తోక ఒంటికంటే పొడుగు, నడినెత్తిన వెంట్రుకలు పాపిడి తీసి టోపీ పెట్టినట్టు ఉంటాయి. ఈ ఎర్రమూతిది ఉత్తరాది జాతి. వీటి మధ్య తూర్పున గోదావరి, పడమట తపతి సరిహద్దులని పాత పుస్తకాలు రాశాయి. ఆ హద్దు చెరిగిపోయిందనీ, ఎర్రమూతి దక్షిణానికి దిగుతున్నకొద్దీ టోపీ కోతి చోటు కుదించుకుపోతోందనీ 2011లో మన దేశపు పరిశోధకులే పటం గీసి చూపించారు. రోడ్లు, రైళ్ళు, లారీలు ఒక కారణం. ఒక ఊళ్ళో పట్టి ఇంకో ఊరి బయట వదిలిపెట్టే మన అలవాటు ఇంకో కారణం. కరీంనగర్ గోదావరికి దక్షిణాన ఉంది. ఆ లెక్కన మన ముందు కూర్చున్నాయన నది దాటి వచ్చిన వంశం.

ఆయన కళ్ళలోకి అట్లా చూడకండి. మీకు అది కుతూహలం, ఆయనకు అది సవాలు. చూపు పక్కకు తిప్పండి, చెట్టు వైపు చూడండి. నవ్వు వస్తే పెదవులు మూసుకునే నవ్వండి. పళ్ళు కనబడకూడదు. కోతుల్లో పళ్ళు ఇకిలించేది పెద్దదాని ముందు భయపడ్డ చిన్నది. అంటే మీరు నవ్వితే, భయపడుతున్నానని మీరే ఒప్పుకున్నట్టు. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమ్మలు పైకెత్తి, తల ముందుకు తోసి చూస్తే మాత్రం అది బెదిరింపు. ఇప్పుడు చేస్తున్నది అదే. ఒక్క అడుగు వెనక్కి వేయండి, నెమ్మదిగా. వీపు చూపించవద్దు, పరుగు అసలే వద్దు. మీకూ దానికీ మధ్య గోడ మీద ఖాళీ ఉంది కదా, ఆ దారి దానికి వదిలేయండి. మూలకు తోసిన కోతే కరుస్తుంది. దారి ఉన్న కోతి దారి చూసుకుంటుంది.

చూశారా, జరిగిపోయింది.

ఇప్పుడు అసలు గుంపు. గోడ మీద నుంచి, తుమ్మ కొమ్మల మీద నుంచి, పక్కింటి సజ్జ మీద నుంచి ఒకేసారి దిగుతాయి. ఎన్ననేది లెక్కపెట్టలేరు, ఒకటి రెండుసార్లు కంట పడుతుంది, ఇంకొకటి అసలు పడదు. ఎక్కువ భాగం ఆడవి. పొట్ట కింద వేలాడుతున్న ముడతల మొహం పిల్లలు ఈ ఎండాకాలం పుట్టినవి. గుంపు అంటే నిజానికి ఈ తల్లులే. అమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెళ్ళు ఉన్నచోటే ఉంటారు. మగపిల్లలు ఈడు వచ్చాక గుంపు విడిచి వెళ్ళిపోతారు. పెద్ద హోదా ఉన్న తల్లి కూతురికి పుట్టుకతోనే హోదా. జామచెట్టు మీద ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు కింద రాలినవి ఏరుకోవాలో ఆ లెక్కే చెప్తుంది. మనం పిట్టగోడ మీది మగాణ్ణి బెదిరించి గెలిచామనుకుంటాం. పెరటి దారి తెలిసినది మాత్రం అదిగో, చెవి చిరిగిన ఆ ముసలి ఆడకోతి. మామిడిలో పుల్లది ఏ కొమ్మ, జామ ఎప్పుడు దోరకు వస్తుంది, ఎవరింటి జాలీ తలుపు గడియ వదులు, అన్నీ దానికి తెలుసు. మూడు తరాలు దాని వెనక నడిచి నేర్చుకుంటాయి.

మామిడి మీద పడ్డాయి. ఒక్క కొరుకు, పారేయడం. ఇంకో కాయ, ఇంకో కొరుకు. చూస్తుంటే మీ కడుపు మండుతుంది, తిననన్నా తినవు కదా అని. కానీ దవడలు గమనించండి. రెండు వైపులా ఉబ్బాయి. చెంపల లోపల సంచులుంటాయి వాటికి, నింపుకుని పోయి గుట్ట మీద తీరిగ్గా నములుతాయి. దొంగతనానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఇక్కడ అర నిమిషం చాలు, భోజనం అక్కడ. మీరు కట్టె తెచ్చేలోపు పని అయిపోతుంది.

బీరపాదు పోయింది. కాయ కోసం కాదు, గోడ దిగడానికి తీగ పట్టుకుంది, మొత్తం ఊడి వచ్చింది. బొప్పాయి మీద ఒకటి కూర్చుంది, కాయ పచ్చిది, సొన కారుతోంది, అయినా గోళ్ళతో చెక్కు తీస్తోంది.

డాబా మీద నుంచి మా అమ్మ కేక వినిపించిందా? తెల్లవారుజామునే లేచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. ఎండ ముదిరితే పిండి గట్టిపడుతుందని ఆమె తొందర. పక్కన కట్టె, గొడుగు, గులేరు. ఆ గులేరులో రాయి ఉండదు. లాగినట్టు నటిస్తే చాలు, వీటికి ఆ భంగిమ తెలుసు. ‘పోతవా లేదా? నీ మొగం మండ! పొద్దున్నే నా పానం దీస్తున్నవ్!’ అని తిడుతూనే, పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లికోతి పక్కకు వస్తే మాత్రం కట్టె దించేస్తుంది. ‘బాలింతరాలు, పోనీ తీ’ అంటుంది. ఆ బాలింతరాలు వడియాల మీద నాలుగు అడుగులు వేసి, ఒక గుప్పెడు పిండి చేత్తో తీసి, నాకి, నచ్చక, అమ్మ కొంగుకే తుడిచినంత పని చేసి వెళ్తుంది.

అటు చూడండి, ఎదురిల్లు. వదిన వీధికంతా చెప్పింది కానీ తన వంటింటి వెనక తలుపు చూసుకోలేదు. లోపల గిన్నె పడిన చప్పుడు. వయసులో ఉన్న కోతి ఒకటి ఫ్రిజ్ తలుపు తీస్తుంది. రబ్బరు అంచు పట్టుకుని లాగడం వాటికి వచ్చు. పాల ప్యాకెట్టు నోట కరుచుకుని, టమాటా ఒకటి చేత పట్టుకుని, మూడు కాళ్ళ మీద బయటికి వస్తోంది. వదిన గుమ్మంలో ఉంది. ‘వదినా, పక్కకు జరుగు! దారియ్యి!’ అని మనం అరవాల్సింది అదొక్కటే. పాల ప్యాకెట్టు కోసం చెయ్యి చాపితే అది కరుస్తుంది. చేతిలోది లాక్కుంటే కోతి ఊరుకోదు. అదే మీ చేతిలోది అది లాక్కుంటే మీరు వదిలేయాలి. అన్యాయమే. కానీ ఒక పాల ప్యాకెట్టుకూ నాలుగు సూదులకూ బేరం చూసుకోండి.

సూదుల మాట వచ్చింది కాబట్టి అటు మూడో ఇంటి పిల్లవాడి సంగతి చెప్పాలి. పోయిన ఎండాకాలం బంతి కోసం వెళ్తే పిక్క పట్టుకుంది. ఇంట్లో వాళ్ళు కంగారులో పసుపు పెట్టబోయారు. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు. కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి, ఎందుకంటే పిల్లవాడు ఏడుస్తుంటే రెండు నిమిషాలే చాలా సేపు అనిపిస్తాయి. ఆ తర్వాత ఆసుపత్రి. రక్తం వచ్చిన కాటయితే గాయంలోనే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇస్తారు, దాంతో పాటు రేబిస్ టీకా. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అదే రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కోతి కాటుకు కుక్క కాటు టీకా ఎందుకని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. రేబిస్ కోతికీ వస్తుంది. గోళ్ళతో గీరి రక్తం వచ్చినా లెక్క అదే.

గుంపు ముందుకు కదిలింది. మనమూ వీధిలోకి వెళ్దాం, గేటు వేసి రండి. డాబాల మీదుగా అవి, రోడ్డు మీద మనం. ఒక్కో ఇల్లు దాటుతుంటే ఒక్కో యుద్ధవిద్య కనిపిస్తుంది. ఈ ఇంటి పిట్టగోడ మీద కొండముచ్చు బొమ్మ, ఫ్లెక్సీ మీద అచ్చు వేయించింది. మొదటి వారం పనిచేసింది. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ నీడలో కూర్చుని పేలు చూసుకుంటాయి. పక్కింట్లో బజారులో కొన్న పులి బొమ్మ, మెత్తటిది, లోపలి దూది అప్పుడే బయటికి వచ్చింది. నవ్వకండి, పెద్ద పెద్దవాళ్ళు ఇదే చేశారు. 2023లో ఢిల్లీలో జీ20 సదస్సు జరిగినప్పుడు రోడ్ల పక్కన కొండముచ్చు కటౌట్లే నిలబెట్టారు. అంతకుముందు అక్కడ నిజం కొండముచ్చులను తాడు కట్టి తిప్పేవారు. అది చట్టవిరుద్ధం కాబట్టి ఆపించి, కొండముచ్చులా అరిచే మనుషులను జీతానికి పెట్టుకున్నారు. 2019లో కర్ణాటక శివమొగ్గ జిల్లాలో ఒక రైతు పెంపుడు కుక్కకు పులి చారలు పూశాడు. 2022లో మన సిద్దిపేట జిల్లా రైతు ఒకాయన మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి, రోజుకు 500 రూపాయలిచ్చి చేను చుట్టూ తిప్పించాడు. మే నెలలో ఆ బొచ్చు వేషంలో తిరిగే మనిషి గురించి ఎవరైనా ఆలోచించారా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఢామ్మని చప్పుడు. ఉలిక్కిపడ్డారు కదా. ఆ సందులో కుర్రవాడి చేతిలో ఉన్నది పీవీసీ గొట్టం. కార్బైడు ముక్క, చుక్క నీళ్ళు, లైటరు. రెండు వందల గజాల దాకా కోతి ఉండదు, నిజమే. పావుగంటకు మళ్ళీ వస్తుంది. కానీ పేలలేదేమని ఆ గొట్టంలోకి కన్ను పెట్టి చూసినవాడి చూపు తిరిగి రాదు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ గొట్టాలతో ఆడిన పిల్లలు పెద్ద సంఖ్యలో కళ్ళు దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరారు. ఆ కుర్రవాణ్ణి ఆపుదాం, ‘తమ్మీ, అది లోపల పెట్టు.’ వాడు వింటాడో లేదో తెలియదు. గోడ మీద కరెంటు తీగ పెట్టిన ఇల్లు కూడా ఒకటి ఉండేది. వీధంతా వెళ్ళి గట్టిగా మాట్లాడితే తీసేశారు.

ఇప్పుడు చివరిల్లు. ఇక్కడ నిలబడి చూడండి, వీధి కథంతా ఇక్కడ ఉంది.

గేటు ముందు పెద్దాయన, తెల్ల పంచె, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో అరటిపండ్లు, నానబెట్టిన పల్లీలు. ఇవాళ శనివారం. మంగళవారం కూడా పెట్టేవాడు. గుంపు ఆయన దగ్గరకు వచ్చేసరికి దూకుడు లేదు, అరుపు లేదు. ఒక్కొక్కటే వచ్చి చేతిలోంచి తీసుకుంటుంది. ఆ ముసలి ఆడకోతి అయితే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. ‘చూడు బిడ్డా, నా దగ్గర ఎంత మంచిగుంటయో. మీరే రాళ్ళు గొట్టి చెడగొట్టిన్రు’ అంటాడు. ఆయనను తప్పు పట్టడానికి నోరు రాదు. కోతి చస్తే పాడె కట్టి, డప్పు కొట్టి, ఊరంతా వెంట నడిచి సాగనంపే నేల ఇది. పూడ్చినచోట చిన్న గుడి కట్టిన ఊళ్ళూ ఉన్నాయి. పొద్దున కట్టె పట్టుకున్న చెయ్యే మంగళవారం ఆంజనేయస్వామికి సింధూరం పెడుతుంది. మా ఇంట్లోనూ అంతే.

కానీ ఆయన పళ్ళెం ఏం చేస్తోందో చూడండి. అడవిలో కోతి రోజులో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడానికే తిరుగుతుంది. చిగుళ్ళు, గింజలు, పురుగులు, ఎండాకాలం వస్తే అదీ కరువు. ఆ కరువే పుట్టుకలను అదుపులో పెట్టేది. ఇక్కడ పది నిమిషాల్లో రోజు తిండి. మిగిలిన సమయమంతా మన తలుపులు పరీక్షించడానికి ఉంటుంది. పుట్టిన పిల్లలు బతుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మనిషి చేయి అంటే తిండి అని నేర్చుకున్న కోతి ఆయన చేతికీ, సంచీ పట్టుకుని బడి నుంచి వచ్చే పిల్ల చేతికీ తేడా చూడదు. నలభై ఇళ్ళు తలుపులు వేసుకుని, ఒక ఇల్లు పళ్ళెం పెడితే గుంపుకు ఈ వీధి లాభసాటిదే. అందుకే పెరటిలో కోతిని పెరటిలో గెలవలేం. మా జాలీలు, తీగలు, గులేర్లు ఏళ్ళుగా చేసిన పని అల్లరిని పక్కింటికి తోయడమే.

పట్టించేస్తే పోదా అంటారు. అదీ జరిగింది. బోను, లోపల అరటిగెల, తలుపుకు కట్టిన తాడు, కోతికి ఇంతని లెక్క. పట్టేవాళ్ళు వస్తారు, కొన్ని దొరుకుతాయి, లారీలో ఎక్కి దూరం పోతాయి. దొరికేవి ఎక్కువగా అమాయకపువి. చెవి చిరిగిన ముసలిది బోను చుట్టూ తిరిగి, బయట రాలినవి ఏరుకుని పోయింది. సగం పట్టి సగం వదిలిన గుంపు చీలుతుంది, రెండవుతుంది. దూరాన దింపినవి ఆ అడవి తెలియక దగ్గర్లో ఉన్న ఊరి దారి పడతాయి. పల్లీ, మక్క, కూరగాయలు వేయడం మానేసిన రైతులను మా జిల్లాలో ఏ ఊళ్ళోనైనా అడగండి, మీ పట్నం కోతులు మాకు వచ్చాయంటారు. పట్నంలో మేం పల్లె కోతులు మాకు వచ్చాయంటాం.

ఆపరేషన్లు ఒక దారి. హిమాచల్ ప్రదేశ్ 2006 నుంచే చేస్తోంది. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో మన రాష్ట్రం కూడా ఒక కేంద్రం తెరిచింది. పట్టి తెచ్చి, కుటుంబ నియంత్రణ చేసి, తిరిగి వదలాలని. అది సరైన దారే, కానీ నిదానపు దారి. ఆపరేషన్ అయిన కోతి పిల్లల్ని కనదు, అంతే. జామకాయ తినడం మానదు. ఇరవై ఏళ్ళు బతికే జంతువు. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపసు రావాలె, కోతులు వాపసు పోవాలె అని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్న మాట గుర్తుందా? తర్వాత పండ్ల చెట్లతో మంకీ ఫుడ్ కోర్టులు అన్నారు. నాటిన మేడి, రేగు, నేరేడు కాయ కాసేదాకా ఎవరో ఒకరు నీళ్ళు పోయాలి, గొర్రెలు మేయకుండా చూడాలి. ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి చట్టం జాబితాల్లోంచి 2022 సవరణతో ఎర్రమూతి కోతి పేరు తీసేశారు. అంతమాత్రాన విషం పెట్టవచ్చని కాదు. జంతువులను హింసించడం 1960 నుంచే నేరం.

ఎండెక్కింది. గుంపు తుమ్మల నీడకు చేరింది, మధ్యాహ్నం దాకా కదలదు. ఈలోపు ఈ వీధి ఏం ఒప్పుకుందో చెప్తాను. వినడానికి చాలా చప్పగా ఉంటుంది. చెత్త ముందు రాత్రి గేటు బయట పెట్టకూడదు, బండి వచ్చి హారన్ కొట్టాకే తెచ్చి వేయాలి. మొదలైన రోజుల్లో సగం ఇళ్ళు మరిచిపోయేవి, ఇప్పుడు మరిచిపోతే ఎదురింటి వదిన ఊరుకోదు. ట్యాంకు మూతలన్నిటికీ తీగ. కారుతున్న కుళాయిలకు వాషర్లు. మామిడి, జామ పక్వానికి రాకముందే కోసి గడ్డిలో మాగేయడం. గోడ వైపు వచ్చిన కొమ్మలు నరకడం. కొత్తగా పాదు పెట్టేవాళ్ళు కాకర, పసుపు, అల్లం వైపు వెళ్ళడం. కేక వినపడితే తలుపు వేసుకుని కూర్చోకుండా ఇంటికొకరు కట్టెతో బయటికి వచ్చి, రాళ్ళు వేయకుండా, గుట్ట వైపు దారి వదిలి, వరుసగా నడవడం. ఒక్కడు కట్టె పట్టుకుంటే కోతి నోరు తెరిచి బెదిరిస్తుంది. పదిమంది నడుస్తూ వస్తే లేచి వెళ్తుంది, మొహంలో పెద్ద భయమేమీ లేకుండా, చిరాకుగా.

పెద్దాయన ఒక్కడే మిగిలాడు. వీధంతా వెళ్ళి కూర్చుని మాట్లాడింది రెండుసార్లు. మొదటిసారి కోప్పడ్డాడు. రెండోసారి బడి పిల్లవాడి పిక్క మీద మచ్చ చూపించారు. ఆయన ఏమీ అనలేదు. మంగళవారం మానేశాడు. శనివారం ఇంకా మానలేదు, మీరే చూశారు కదా. అందుకే ఇవాళ మన మామిడి గతి అట్లా అయింది. మిగిలిన రోజుల్లో గుంపు ఈ వీధిలో ఆగే సమయం తగ్గింది, చాలా తగ్గింది. పోయిందని మాత్రం అనను. గుట్ట తిరిగి పెరగదు కాబట్టి అవి పూర్తిగా పోతాయని నేననుకోను. ఇంకో నిజం కూడా చెప్పాలి. మా వీధిలో తగ్గినంత మేర వెనక వీధిలో పెరిగింది. వాళ్ళు ఇప్పుడు మా మీద గుర్రుగా ఉన్నారు. వచ్చే ఆదివారం వాళ్ళతో మాటలున్నాయి.

వెళ్ళేటప్పుడు మీరు ఏ దారిన పోతారో నాకు తెలియదు. శ్రీశైలం పోయే దారిలోనైతే నల్లమలలో రోడ్డు పక్కన కోతులు వరుసగా కూర్చుని ఉంటాయి. కారులో పిల్లలు అరటిపండు విసురుదామంటారు. అద్దం దించకండి, కారు ఆపకండి. ఆ గుంపులకు ఇంకా అడవి ఉంది.